పూత మీద దిష్టి

"ఒరేయ్ కృష్ణా, నువ్వు రాసింది రేపు అబద్ధమైతే, ఎమ్మెల్యే మనుషులు కర్రలేసుకుని ఇంటి మీదకొస్తే ఏం చేద్దాంరా?" అంది సుబ్బరావమ్మ.

అప్పటికింకా ఏమీ జరగలేదు. తెల్లారి ఏడు కూడా కాలేదు. శ్రీకృష్ణ అరుగు మీద కూర్చుని తన మోపెడ్ ప్లగ్గు ఊడదీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు.

"ఇప్పుడు నేనేం రాశానమ్మా?"

"రాయలేదనుకో. రాయబోతావుగా!"

సుబ్బరావమ్మ సంగతే అంత. వాన పడకపోతే పత్తి ఎండిపోతుందని దిగులు, పడితే కాయ కుళ్ళిపోతుందని దిగులు. బస్సు ఆలస్యమైతే బోల్తా పడిందంటుంది, వేళకంటే ముందొస్తే డ్రైవరు తాగి తోలాడంటుంది. చదువుకుంది అయిదో తరగతే అయినా కొడుకు పనిచేసే పేపరు మాత్రం రోజూ కూడబలుక్కుని చదువుతుంది. అందులో 'వినుకొండ' అని ఉన్న చోటల్లా వేలు పెట్టి, ఇది మావాడిదే అని మొగుడికి చూపిస్తుంది. శ్రీకృష్ణ ఆ పేపరుకి ఆరేళ్ళుగా వినుకొండ విలేకరి. ఊరు వినుకొండకి పన్నెండు కిలోమీటర్లు. పొద్దున పోయి సాయంత్రానికి వస్తాడు.

అది మే నెల. ఎన్నికలైపోయాయి, కొత్త ప్రభుత్వం వచ్చింది. మర్నాడు పదకొండింటికి హైదరాబాదులో మంత్రులు ప్రమాణం చేయబోతున్నారు. ఎవరెవరు మంత్రులనేదే రాష్ట్రమంతటికీ పెద్ద ప్రశ్న. ఈ ఊరికి ఇంకా పెద్ద ప్రశ్న. ఎందుకంటే గెలిచిన ఎమ్మెల్యే శివరామకృష్ణ ఈ ఊరివాడే. ఆయన తల్లి రాఘవమ్మ గారు ఎనభై ఏళ్ళ మనిషి, పట్నానికి రానంటే రానని ఈ ఊళ్ళోనే వీధి చివరింట్లో గేదెలు పెట్టుకుని ఉంటుంది.

"ఇంతకీ ఆయనకి పదవొచ్చినట్టా, రానట్టా?" అని అడిగాడు బుల్లయ్య, చుట్ట వెలిగించుకుంటూ. శ్రీకృష్ణ తండ్రి ఆయనే.

"ఇంకా ఏమీ కాలేదు నాన్నా. పేరు వినిపిస్తోంది, అంతే. ముఖ్యమంత్రి ఆఫీసు నుంచి పిలుపు రావాలి. పిలుపొచ్చిందని ఆయనే తన నోటితో నాకు చెప్పాలి. లేదంటే గవర్నరుకి వెళ్ళే జాబితాలో పేరుందని చూసినవాళ్ళు చెప్పాలి. అప్పుడు ఖాయం. అప్పటిదాకా 'పరిశీలనలో ఉంది' అని రాస్తాను."

"మిగతా పేపర్లోళ్ళు దాదాపు ఖాయం అని రాస్తున్నారుగా?"

"దాదాపు ఖాయం అనే మాట నేను రాయను."

బుల్లయ్య నవ్వాడు. "అదీ నిజమే. దాదాపు పెళ్ళయింది అంటే పిల్లని కాపురానికి పంపుతారా? మిర్చి యార్డులో పొద్దున చెప్పిన రేటు రేటా? కాటా పడ్డాక చెప్పిందే రేటు."

"నువ్వు వాణ్ణి ఇంకా ఎగదొయ్యి," అని సుబ్బరావమ్మ మొగుడి మీద విసుక్కుంది. "వీడిట్టా కాటా పడేదాకా కూర్చుంటాడు. ఆ పక్కింటోడు ముందే చెప్పేసి పేరు కొట్టేస్తాడు. గుంటూరులో ఆఫీసోళ్ళు వీడెందుకూ పనికిరాడని తీసేస్తే?"

పక్కింటోడంటే పరాయివాడు కాదు. సుబ్బరావమ్మ తోడికోడలు కనకలక్ష్మి కొడుకు కార్తిక్. అన్నదమ్ములు పంచుకున్న ఇల్లు, మధ్యలో నడుమెత్తు గోడ. ఆ గోడకి అవతల ఏది వచ్చినా సుబ్బరావమ్మకి ముందుగా కనిపించేది. అవతలకి ఫోను ముందొచ్చింది. రంగుల టీవీ ముందొచ్చింది. ఫ్రిజ్జూ ముందే. అవన్నీ ఎట్లాగో మింగింది. కానీ ఎనిమిది నెలల కిందట కార్తిక్ కొత్తగా పెట్టిన టీవీ చానల్లో చేరి, భుజాన కెమెరా, చేతిలో సెల్లు పట్టుకుని ఊళ్ళోకి దిగిన రోజున మాత్రం ఆమెకి అన్నం సహించలేదు. ఆరేళ్ళుగా తన కొడుకు ఎండనక వాననక తిరిగి రాస్తుంటే 'పేపరబ్బాయి' అన్న ఊరు, నిన్నగాక మొన్న వచ్చిన కార్తిక్‌ని 'టీవీ కార్తిక్' అంటోంది. పేపరబ్బాయంటే పేపర్లు వేసేవాడని కూడా అనుకోవచ్చుగా! అదీ ఆమె బాధ.

శ్రీకృష్ణ ప్లగ్గు బిగించి, సంచీ తగిలించుకుని బయల్దేరాడు. "ఎమ్మెల్యే ఆఫీసులోనే ఉంటానమ్మా. పిలుపొస్తే అక్కడికే వస్తుంది. సాయంత్రం ఆరున్నరకి గుంటూరులో పేజీలు కట్టేస్తారు. ఈలోగా ఆఫీసువాళ్ళు పిన్ని వాళ్ళ నంబరుకి చేస్తే, నేను అక్కడున్నానని చెప్పు. ఇంకేమీ చెప్పకు."

"నేనేం చెప్తానురా, నాకేం తెలుసని!"

పదింటికి ఊళ్ళో టపాకాయలు పేలాయి.

సుబ్బరావమ్మ వసారాలో మిరపకాయలు ముందేసుకుని తొడిమలు తీస్తోంది. ఆ ఏటి కాయంతా అమ్మగా ఇంటికని మిగిల్చుకున్న గోతం అది. మొదటి చప్పుడికి ఎవరింట్లోనో గ్యాసు పేలిందనుకుంది. రెండో చప్పుడుకి లేచింది. మూడో చప్పుడుతోపాటు గోడ మీద కనకలక్ష్మి తల కనిపించింది. వెనకే మైసూరుపాకు పళ్ళెం.

"అక్కా, నోరు తీపి చేసుకో! మన శివరామకృష్ణ గారికి మంత్రి పదవి ఖాయమైంది. మా చానల్లో కింద ఎర్ర పట్టీ మీద వస్తోంది, వచ్చి చూడు. రాష్ట్రం మొత్తంలో మావాడే ముందు చెప్పాడంట!"

సుబ్బరావమ్మ మైసూరుపాకు తీసుకుంది. తీసుకోకపోతే ఏడ్చిందంటారు. నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకుంది. కారం అంటిన వేళ్ళకి నెయ్యి పూసుకుని చురచురమంది.

"మావాడైతే ఇంకా ఖాయం కాలేదన్నాడే పొద్దున?" అంది.

"మీ వాడిది పేపరుగా అక్కా. అది రేపు పొద్దున వస్తుంది. ఈలోగా లోకం ఎంత దూరం పోద్దీ!"

"పోద్దిలే. నీ కొడుక్కి ఖాయమని ఎవరు చెప్పారే?"

కనకలక్ష్మి కళ్ళు పక్కకి తిప్పింది. "వాడికి లోపల మనుషులుంటారక్కా. అవన్నీ పైకి చెప్పరు," అని పళ్ళెం ఎత్తుకుని పక్కవాళ్ళ గోడ దగ్గరికి పోయింది.

సుబ్బరావమ్మ మళ్ళీ మిరపకాయల ముందు కూర్చుంది. కాయ తీసి తొడిమ గంపలోనూ, తొడిమ తీసి కాయ గంపలోనూ వేస్తోందని కాసేపటికి చూసుకుంది. లోపల ఉడికిపోతోంది. నిజంగా ఖాయమైతే మంచిదే, ఊరివాడు మంత్రవుతాడు. కానీ ఆ మాట గోడ అవతల నుంచి రావాలా? తన కొడుకు ఎమ్మెల్యే ఆఫీసులో చెమట్లు కక్కుతూ కూర్చుంటే, ఆ పిల్లాడు సెల్లులో నాలుగు మాటలు ఊది ఊరేగుతాడా? భగవంతుడు కూడా గోడకి అవతలే కూర్చున్నాడు!

మధ్యాహ్నానికి ఊరు ఊరంతా రాఘవమ్మ గారింటి వైపు నడిచింది. మంత్రి తల్లిని చూసి రావాలి కదా. సుబ్బరావమ్మ కూడా చీర మార్చుకుని బయల్దేరింది. వాకిట్లో జనం ఉండటంతో ఆమె గొడ్లచావిడి వైపు నుంచి పోయింది. వంటింటి కిటికీ దగ్గరికొచ్చేసరికి లోపల రాఘవమ్మ గారు ఒక్కతే నిలబడి ఉంది. ఎదురుగా గోడకి కొడుకు ఫోటో. పిడికిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు. ఆ పిడికిలిని ఫోటో చుట్టూ కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి తిప్పుతోంది. పెదాలు కదులుతున్నాయి. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి..." తిప్పి తిప్పి పొయ్యిలోని నిప్పుల మీద వేసింది. మిరపకాయలు చిటపటలాడాయి. అంత పొగ లేచినా ముసలామె దగ్గలేదు.

సుబ్బరావమ్మ కిటికీ దగ్గరే ఆగిపోయింది. లోపలికి వెళ్ళలేదు, పలకరించలేదు. ఇంకేం కావాలి? పురుడు పోసుకున్నాక బిడ్డకి తీస్తారు దిష్టి. పెళ్ళయ్యాక జంటకి తీస్తారు. చేతికందిన దానికేగా దిష్టి తగిలేది! కన్నతల్లి కొడుకు ఫోటోకి దిష్టి తీస్తోందంటే పిలుపు వచ్చే ఉంటుంది. జనానికి చెప్పకపోయినా తల్లికి చెప్పడా? కార్తిక్ చెప్పింది నిజమే. నిజమే! ఆ నిజమే ఆమె కళ్ళలో నిప్పులు పోసింది.

నాలుగింటికి కనకలక్ష్మి ఇంట్లో ఫోను మోగింది.

"అక్కా! మీ వాడి ఆఫీసు నుంచి! రా, రా, ట్రంకు కాలు!" అని కనకలక్ష్మి ఊరందరికీ వినపడేటట్టు కేకేసింది. ఆ ఫోనుకి అంకెల మీద రేకుమూత, మూతకో బుల్లి తాళం ఉంటుంది. వచ్చే ఫోన్లు ఎవరికైనా ఇస్తుంది గానీ, ఇక్కణ్ణుంచి చెయ్యాలంటే తాళంచెవి కనకలక్ష్మి బొడ్లోంచి రావాలి.

సుబ్బరావమ్మ కొంగు సర్దుకుని రిసీవరు చెవికి ఆనించుకుంది. అవతల లక్ష్మీనరసింహం గారు. గుంటూరులో జిల్లా పేజీలు చూసే పెద్దాయన.

"అమ్మా, నమస్కారమండి. మీవాడు దొరకడం లేదు. ఎమ్మెల్యే ఆఫీసు ఫోను ఎప్పుడు చేసినా ఎంగేజే. అక్కడ కరెంటు పోయిందట, ఫ్యాక్సూ మూగపోయింది. టీవీలో ఖాయమని వచ్చేసింది చూశారా? పైనుంచి నా ప్రాణం తీస్తున్నారు. మీవాడు పొద్దున వెళ్తూ ఏమన్నా చెప్పాడా? ఖాయమన్నాడా, కాలేదన్నాడా?"

కనకలక్ష్మి అక్కడే నిలబడి ఉంది. టీవీ సౌండు తగ్గించింది కూడా. తెర కింద ఎర్ర పట్టీ మీద ఆ 'ఖాయం' అటు నుంచి ఇటు జారిపోతోంది, మళ్ళీ వస్తోంది, మళ్ళీ జారిపోతోంది. కనకలక్ష్మి పెదాల మీద నవ్వు మాత్రం ఎక్కడికీ జారడం లేదు.

'మావాడికి ఇంకా తెలీదండీ' అని చెప్పాలి. సుబ్బరావమ్మ నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. ఆ నవ్వు ముందు ఆ మాట ఎట్లా అనటం?

"చెప్పే వెళ్ళాడండీ," అంది గట్టిగా, రిసీవరుకి కాదు, ఆ నవ్వుకి వినపడేటట్టు. "ఖాయమే అన్నాడు. పొద్దున ఏడింటికే అన్నాడు! టీవీవోళ్ళకంటే ముందే తెలుసు మావాడికి. వాళ్ళింట్లో దిష్టి కూడా తీశారు."

అవతల ఆయన ఊపిరి వదిలాడు. "బతికించారమ్మా! కృష్ణ ఖాయమన్నాడంటే ఇంక నేను వేరేవాళ్ళని అడగక్కర్లేదు. ఆరేళ్ళలో వాడి మాట ఒక్కటి తప్పలేదు. మొదటి పేజీకే పంపిస్తాను, వాడి పేరు మీదే." ఫోను పెట్టేశాడు.

కనకలక్ష్మి నవ్వు కాస్త తగ్గింది. "పొద్దునే తెలుసా? మరి నాకు చెప్పలేదే?"

"అవన్నీ పైకి చెప్పరే," అని సుబ్బరావమ్మ మెట్లు దిగి వచ్చేసింది. ఎన్నేళ్ళకో ఆమె నడకలో ఊపొచ్చింది. కళ్ళాపి చల్లింది. పనిలో పనిగా కూనిరాగం తీసింది. అది విని బుల్లయ్య మంచంలోంచి లేచి కూర్చున్నాడు.

"ఏందే, ఒంట్లో బాగానే ఉందా?"

ఆమె జరిగిందంతా చెప్పింది. తను చెప్పిన అబద్ధాన్ని కాస్త తగ్గించి, కనకలక్ష్మి మొహం మాడిన సంగతి కాస్త పెంచి చెప్పింది. "అయినా అబద్ధమేముందయ్యా? రాఘవమ్మ గారు దిష్టి తీస్తుంటే నా కళ్ళతో చూశా. చేతికి రాని పంటకి దిష్టి ఎవరన్నా తీస్తారా?"

బుల్లయ్య చుట్ట నోట్లోంచి తీశాడు.

"తీయకేం? మిరపచేలో దిష్టిబొమ్మ ఎప్పుడు నిలబెడతాం మనం? కాయ కోసి కల్లానికి తెచ్చాకా? పూత మీదేగా! చేను ఏపుగా ఉంది, అందరి కళ్ళూ పడుతున్నాయని భయమేసినప్పుడేగా. పంట ఇంటికొచ్చాక ఇంక బొమ్మెందుకు, పొయ్యిలోకా?"

అని మళ్ళీ పడుకోబోయాడు. సుబ్బరావమ్మ చేతిలో బొక్కెన అట్లాగే ఉండిపోయింది.

పూత మీద. భయమేసినప్పుడు. అయ్యో, ఈ సంగతి తనకి తెలీకపోవటమేంది! కృష్ణ పదో తరగతి పరీక్షలు రాసేటప్పుడు రోజూ సాయంత్రం వాడికి దిష్టి తీసింది ఎవరు? పాసైతే తీసిందా? తప్పుతాడేమోనని కదా తీసింది! పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ భయపడటం తప్ప ఇంకో పని చేయని మనిషి తను, ఇంకో తల్లి భయాన్ని చూసి సంబరమనుకుంది. ఎందుకనుకుంది? గోడ అవతలి నవ్వు కళ్ళకి అడ్డమొచ్చి!

బొక్కెన పడేసి పరుగెత్తింది. వీధి చివరిదాకా చెప్పుల్లేకుండానే. మే నెల మట్టి సాయంత్రం అయిదింటికి కూడా కాళ్ళు కాలుస్తోంది.

జనం వెళ్ళిపోయారు. రాఘవమ్మ గారు గడప మీద కూర్చుని గేదెలకి తవుడు కలుపుతోంది. పక్కన మళ్ళీ ఉప్పూ మిరపకాయలూ సిద్ధంగా ఉన్నాయి.

"అత్తయ్య గారూ," అంది సుబ్బరావమ్మ రొప్పుతూ, "అబ్బాయి గారికి పిలుపొచ్చిందా?"

ముసలామె తలెత్తింది. "అమ్మయ్య. పొద్దుట్నుంచీ మొదటిసారి ఒకళ్ళు ఈ మాట అడిగారు. రాలేదే తల్లీ. మధ్యాహ్నం మనిషి చేత కబురు పంపాడు. ఇంకా ఏమీ లేదమ్మా, ఆ టపాకాయలు ఆపమను అన్నాడట. ఎవరాపుతారు? అందరూ మిఠాయిలు పెట్టిపోయేవాళ్ళే. రాకపోతే వాడి మొహం ఏం కావాలి? నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. తెల్లారగట్ట నుంచీ మూడోసారి తీస్తున్నా దిష్టి. పాలకొచ్చినవాళ్ళు కూడా చూసి నవ్వుకుంటూ పోయారే గానీ, ఎందుకు తీస్తున్నావని ఒక్కళ్ళూ అడగలా."

సుబ్బరావమ్మకి ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది. పడలేదు, టైము లేదు. వచ్చిన దారినే పరుగెత్తింది.

దారి పొడుగునా ఆమెకి రేపటి పేపరు కనిపిస్తోంది. మొదటి పేజీ. మంత్రిగా శివరామకృష్ణ. కింద తన కొడుకు పేరు. దాన్ని చేత్తో పట్టుకుని ఊరంతా నవ్వటం. గుంటూరులో పెద్దాయన కృష్ణని నిలబెట్టి అడగటం. 'నువ్వే చెప్పి వెళ్ళావటగా మీ అమ్మకి?' అప్పుడు కృష్ణ ఏమంటాడు? మా అమ్మ అబద్ధమాడింది అంటాడా? అనడు. వాడనడు. అదే ఆమెని ఎక్కువ తరిమింది.

గుంటూరు నంబరు కృష్ణ గూట్లో డైరీ అట్ట మీద ఉంది. ఫోను మాత్రం ఊళ్ళో ఇంకెక్కడా లేదు, గోడ అవతలే. అయిదున్నర దాటింది.

కనకలక్ష్మి వాకిట్లో బిందె తోముతోంది.

"కనకం, తాళంచెవి ఇయ్యవే. గుంటూరు చెయ్యాలి."

"ఎందుకక్కా? మళ్ళీ ఏం ఖాయమైంది?"

చెప్పకుండా దొరికే తాళంచెవి కాదది. సుబ్బరావమ్మ ఒక్క క్షణం గోడ వైపు చూసింది. ఇరవై ఏళ్ళుగా ఆ గోడ మీదుగా మాటకి మాట అప్పజెప్పిందే గానీ, తలొంచి ఒక్క మాట అనలేదు.

"నేను అబద్ధం చెప్పానే. మావాడు నాతో ఖాయమని అనలా. అసలు పిలుపే రాలేదంట, ఇప్పుడే రాఘవమ్మ గారిని అడిగొచ్చా. నువ్వు అక్కడ నిలబడి నవ్వుతుంటే ఓర్వలేక చెప్పేశా. ఇయ్యవే తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా. పేజీ కట్టేస్తారు."

కనకలక్ష్మి చేతిలో కొబ్బరిపీచు ఆగిపోయింది. "పిలుపు రాలేదా?" అంది. మొహం పాలిపోయింది. వెక్కిరింపు వస్తుందని కాచుకున్న సుబ్బరావమ్మకి అదేంటో అర్థం కాలేదు. కనకలక్ష్మి బొడ్లోంచి తాళంచెవి తీసి, తనే వెళ్ళి తాళం విప్పి, సుబ్బరావమ్మ తెచ్చిన డైరీ చూసి నంబరు కూడా తనే నొక్కింది.

"అయ్యా, నేను కృష్ణ వాళ్ళమ్మని. మావాడు నాతో ఖాయమనలేదండీ. ఇంకా కాలేదనే అన్నాడు. నేనే నోరు జారా. తప్పు నాది, వాడిది కాదు. ఆపండయ్యా!"

"ఏంటమ్మా ఇది! పేజీ సగం వెళ్ళిపోయింది..." అవతల ఎవరినో కేకేశారు. కాగితాల చప్పుడు. తర్వాత, "సరే. ఆపించాను. ఇంకెప్పుడూ ఇట్లా చెయ్యకండమ్మా," అని టక్కున పెట్టేశాడు.

శ్రీకృష్ణ ఏడింటికి వచ్చాడు. ఆరింటికి ఎస్టీడీ బూతు దొరికి గుంటూరు చేశాడట, అంతా అక్కడే తెలిసింది. వచ్చి సంచీ తగిలించి, కాళ్ళు కడుక్కుని, అన్నం పళ్ళెం ముందు కూర్చున్నాడు. సుబ్బరావమ్మ వడ్డించింది. తిట్టు, కొట్టు అన్నట్టు ఎదురుగా నిలబడింది.

"ఆరేళ్ళు పట్టిందమ్మా నాకా మాట సంపాదించుకోవటానికి," అన్నాడు పళ్ళెంలోకి చూస్తూ. "కృష్ణ చెప్తే ఖాయం అనే మాట."

"తెలుసురా."

కాసేపు కలిపిన ముద్ద అట్లాగే పెట్టుకుని, "రేపట్నుంచి నేను 'విశ్వసనీయ వర్గాల సమాచారం' అని రాస్తే నువ్వేననుకుంటారు అందరూ," అన్నాడు. బుల్లయ్య గొల్లున నవ్వాడు. సుబ్బరావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మర్నాడు పేపర్లో వచ్చింది, నాలుగో పేజీలో, చిన్న అక్షరాల్లో: శివరామకృష్ణ పేరు పరిశీలనలో ఉందని, ఇంకా పిలుపు రాలేదని. సుబ్బరావమ్మ దాన్ని వేలు పెట్టి మూడుసార్లు చదివింది. ఎవరికీ చూపించలేదు.

పదకొండింటికి ఊరు సగం కనకలక్ష్మి హాల్లో ఉంది, మిగతా సగం కిటికీల్లో ఉంది. తెర మీద హైదరాబాదు, తెల్లచొక్కాలు, పూలకుండీలు. ఒక్కొక్కళ్ళూ వచ్చి, తమ పేరు చెప్పి 'అనే నేను' అంటుంటే, ఊరు ఊపిరి బిగబట్టి 'ఈయన కాదు, తర్వాతాయన' అనుకుంటోంది. చివరాయన కూడా వచ్చి సంతకం చేసి వెళ్ళాడు. జనం లేచి నిలబడ్డారు, జాతీయగీతం వాయించారు. శివరామకృష్ణ పేరు రాలేదు.

తెర కింద ఎర్ర పట్టీ మీద నిన్నటి 'ఖాయం' ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. దాని చోట ఇంకెవరి పేర్లో జారిపోతున్నాయి. తుడిచినట్టు లేదు, అసలు రాయనట్టుంది. పేపరైతే? ఇంటింటా గూట్లో పడి ఉండేది, నలభై ఏళ్ళ తర్వాత కూడా ఎవరో ఒకరు తీసి చూపించేవాళ్ళు.

జనం గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. పోతూ పోతూ ఒకాయన అరుగు మీది కార్తిక్‌ని చూసి, "ఏరా టీవీ, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదేగా!" అని పోయాడు. కార్తిక్ తలెత్తలేదు. సెల్లు ఆపేసి మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఉన్నాడు. శ్రీకృష్ణ వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాడు.

హాల్లో తోడికోడళ్ళిద్దరే మిగిలారు. కింద నిన్నటి మైసూరుపాకు పళ్ళెం, చీమలు పట్టి ఉంది.

సుబ్బరావమ్మ ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన ఘడియ ఇది. అనాలంటే ఎన్ని మాటలైనా ఉన్నాయి. అన్నీ నోటి దాకా వచ్చాయి, నిన్న సాయంత్రం ఆ తాళంచెవి బొడ్లోంచి ఎట్లా వచ్చిందో గుర్తొచ్చి వెనక్కి పోయాయి. ఒక్కటి మాత్రం మిగిలింది. అది ఎత్తిపొడుపో, తెలుసుకోవాలనో ఆమెకే తెలీదు.

"నిన్న అడిగితే చెప్పలేదు నువ్వు. మన కార్తిక్‌కి ఖాయమని ఎవరు చెప్పారే?"

కనకలక్ష్మి టీవీ కట్టేసింది. పళ్ళెం తీసి చీమలు దులపబోయి, మళ్ళీ కింద పెట్టింది. మూలనున్న పాలచెంబు వైపు చూసింది. బయట మోపెడ్ స్టార్టయిన చప్పుడు, అన్నదమ్ములిద్దరూ ఒకే బండి మీద ఎక్కడికో వెళ్తున్నారు. ఆ చప్పుడు వీధి మలుపు తిరిగి సన్నగిల్లేదాకా ఆమె అట్లాగే నిలబడింది. సుబ్బరావమ్మ ఇంక లాభం లేదని లేచి గడప దాకా వచ్చింది.

"నేనేనక్కా," అంది కనకలక్ష్మి వెనకనుంచి. "పొద్దున పాలకెళ్ళినప్పుడు రాఘవమ్మ గారు ఫోటోకి దిష్టి తీస్తుంటే చూశా. మీ కృష్ణ ముందు రాసేస్తాడేమోనని, చెంబు కూడా దించకుండా పరుగెత్తుకొచ్చి ఫోను తాళం తీశా."